మంద్ర కంఠం – మైక్రోఫోను: ఉతై పరిసరాల కథాగానం చెప్పే పాఠం

ఛత్తీస్‌గఢ్‌లోని దుర్గ్ జిల్లాలో, భిలాయి ఉక్కు నగరానికి చేరువగా ఉన్న చిన్న పట్టణం ఉతై. వరికోతలు ముగిసిన తరువాత ఈ ప్రాంతపు ఊళ్లలో మడై జాతరలు జరుగుతాయి. ఇటువంటి జాతరలలోను, పండుగ వేడుకలలోను ఇక్కడి ప్రజలు తరతరాలుగా వింటూ వస్తున్న కథాగానం పండవానీ. పేరు సూచిస్తున్నట్లే ఇది పాండవుల గాథ. ప్రధాన గాయకుడు ఒక చేత తంబురా, మరొక చేత కరతాళం ధరించి కథ నడుపుతాడు. హార్మోనియం, తబలా, ఢోలక్, మంజీర సహకరిస్తాయి. ‘రాగీ’ అనే సహగాయకుడు ఊకొడుతూ, ప్రశ్నలు వేస్తూ, పల్లవి అందుకుంటూ కథను ముందుకు తోస్తాడు. బుర్రకథలోని వంతలను, ఉత్తరాంధ్ర జముకుల కథను ఎరిగిన తెలుగువారికి ఈ రూపం పరాయిదిగా తోచదు.

కథాగానానికి గాయకుని గొంతే ప్రాణం. కురుక్షేత్రాన్ని కళ్లకు కట్టవలసిన చోట రంగాలంకరణ లేదు, తెర లేదు. ఉన్నది ఒక్క కంఠమే. ఆ కంఠంలోని గాంభీర్యం భీముడి గదకు బరువునిస్తుంది. అయితే నేడు ఆ కంఠం శ్రోతను నేరుగా చేరడం లేదు. మైక్రోఫోను, మిక్సర్, ఆంప్లిఫయర్, స్పీకర్ అనే నాలుగు మజిలీలు దాటి చేరుతున్నది. ఒక్కొక్క మజిలీలో ఆ గొంతునుంచి ఎంతో కొంత తీసివేయడమో, ఎంతో కొంత చేర్చడమో జరుగుతుంది. ఈ కూడికలు, తీసివేతలు సన్నని గొంతుకు చేసే హాని తక్కువ. మంద్ర కంఠానికి చేసే హాని ఎక్కువ. చూడడానికి ఇది మైకుసెట్టు నడిపేవాని చేతిలోని చిన్న మీటల వ్యవహారం. పరిశీలిస్తే ఇది చరిత్రకు సంబంధించిన విషయమని తేలుతుంది.

మైకు లేని కాలపు గొంతులు

మైక్రోఫోను రాకముందు బహిరంగ ప్రదేశంలో పాడేవారికి మొదటి అర్హత గొంతు దూరం వినిపించడం. మనిషి చెవి సుమారు 2,000 నుంచి 5,000 హెర్ట్జ్ పౌనఃపున్యాల మధ్య ఎంతో చురుకుగా ఉంటుంది. కింది స్థాయి ధ్వనుల పట్ల అంత చురుకుగా ఉండదు. అందుచేత హెచ్చు శ్రుతిలో, విప్పిన గొంతుతో పాడేవారి పాట జనసమూహం చివరి వరుసకు చేరేది. మంద్రంలో పాడేవారి పాట ముందు వరుసల్లోనే ఆగిపోయేది. తెలుగు పౌరాణిక నాటకరంగంలో పద్యానికి హెచ్చు శ్రుతి ఒక మర్యాదగా స్థిరపడడానికి అభిరుచి ఒక్కటే కారణం కాదు. అవసరం కూడ కారణమే. పెట్రోమాక్సు దీపాల వెలుగులో తెల్లవార్లూ సాగిన ఆ నాటకాలలో పద్యం చివరి రాగాలాపన పాక అవతలి వారికి కూడ వినబడవలసి ఉండేది.

గ్రామఫోను తొలి దశ కూడ ఈ పక్షపాతాన్ని తొలగించలేదు. 1902 నవంబరులో కలకత్తాలో ఫ్రెడ్ గైస్‌బర్గ్ గౌహర్ జాన్ పాటలను ముద్రించినప్పుడు మైక్రోఫోను లేదు. గాయకులు ఒక పెద్ద గొట్టంలోకి బిగ్గరగా పాడేవారు. ఆ ధ్వని బలంతోనే సూది మైనపు పలకపై గీతలు గీసేది. ఆ పద్ధతి అందుకోగలిగింది సుమారు 200 నుంచి 2,500 హెర్ట్జ్ వరకే. పురుషుల మంద్ర కంఠానికి మూలమైన ప్రాథమిక పౌనఃపున్యాలు 80 హెర్ట్జ్ దగ్గరనుంచే మొదలవుతాయి. అంటే ఆ గొంతు పునాది పలకమీదికి ఎక్కనే లేదు. ఆనాటి గాయకులందరూ సన్నగా పాడేవారన్న అభిప్రాయం పాత రికార్డులు వినేవారికి కలుగుతుంది. అది గాయకుల లక్షణం కొంత, యంత్రం లక్షణం కొంత. యంత్రం వదలివేసినదానిని నేడు ఏ విద్వాంసుడూ తిరిగి వినిపించలేడు.

మైకు తెచ్చిన మార్పు

1916లో బెల్ పరిశోధకుడు ఇ.సి. వెంటే కండెన్సర్ మైక్రోఫోనును రూపొందించాడు. 1925నుంచి విద్యుత్ పద్ధతిలో రికార్డింగ్ వ్యాపారస్థాయిలో మొదలయింది. 1930ల ఆరంభంలో రిబ్బన్ మైక్రోఫోను వచ్చింది. వీటితో పల్లపు స్వరాలు కూడ రికార్డులోకి ప్రవేశించాయి. అమెరికాలో బింగ్ క్రాస్బీ కేకవేయకుండా, చెవి దగ్గర మాట్లాడినట్లు పాడి కొత్త బాణీకి ఆదరణ సాధించాడు. మనదేశంలో కె.ఎల్. సైగల్, పంకజ్ మల్లిక్‌ల మృదుగంభీరమైన గానం చలనచిత్రాల ద్వారా, రేడియో ద్వారా ఇంటింటికీ చేరింది.

తెలుగుదేశంలో ఈ పరిణామం స్పష్టంగానే కనిపిస్తుంది. 1932లో వెలువడిన ‘భక్త ప్రహ్లాద’తో మొదలైన తెలుగు టాకీలలోకి రంగస్థల నటులు తమ రంగస్థల కంఠాలతోనే వచ్చారు. అనంతరం చిత్తూరు నాగయ్య ‘పోతన’ (1942), ‘త్యాగయ్య’ (1946) చిత్రాలలో శాంతమైన, నిండైన గొంతుతో భక్తిని పలికించారు. రంగస్థలం మీద మైకు లేకుండా ఆ మార్దవం చివరి వరుసకు చేరడం కష్టం. విజయనగరం సంగీత కళాశాలలో పట్రాయని సీతారామశాస్త్రి వద్ద శిక్షణ పొందిన ఘంటసాల వేంకటేశ్వరరావు (1922–1974) పద్యగానాన్నే మార్చివేశారు. దీర్ఘమైన రాగాలాపనను కుదించి, అర్థానికి తగిన విరుపును, మంద్రస్థాయిలోని ఆర్ద్రతను పద్యానికి సమకూర్చారు. కరుణశ్రీ ‘పుష్పవిలాపం’ ఆయన గొంతులో ప్రజల సొత్తు కావడానికి ఆ కింది స్వరాలను సైతం పట్టుకోగలిగిన మైక్రోఫోను తోడ్పడింది. మాధవపెద్ది సత్యం బరువైన గొంతు ‘మాయాబజార్’ (1957) లో ఎస్.వి. రంగారావు ఆకృతికి అతికినట్లు సరిపోయింది. పి.బి. శ్రీనివాస్ పట్టువంటి మందస్వరం నేపథ్యగానంలో తన స్థానాన్ని సంపాదించుకున్నది.

స్టూడియోలో ఇది సాధ్యపడింది. అక్కడ నిశ్శబ్దం ఉన్నది, అనుభవజ్ఞుడైన శబ్దగ్రాహకుడు ఉన్నాడు, పాట నచ్చకపోతే మళ్లీ పాడించే వెసులుబాటు ఉన్నది. ఊరి మైదానంలో ఈ మూడూ లేవు. మైకు మంద్ర కంఠానికి స్టూడియో తలుపు తెరిచింది. మైదానం తలుపును సగమే తెరిచింది.

భిలాయి, ఉతై, తీజన్ బాయి

భారత–సోవియట్ ప్రభుత్వాలు 1955 ఫిబ్రవరి 2న కుదుర్చుకున్న ఒప్పందం ఫలితంగా భిలాయి ఉక్కు కర్మాగారం రూపుదిద్దుకున్నది. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి డాక్టర్ రాజేంద్ర ప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించారు. పనివెదుక్కుంటూ దేశం నలుమూలలనుంచి వచ్చినవారిలో శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల తెలుగువారు గణనీయంగా ఉన్నారు. విజయనగరం–రాయపూర్ రైలుమార్గం వారికి దారి చూపింది. ఆ విధంగా తెలుగు పద్యం విన్న చెవులు, పండవానీ విన్న చెవులు ఒకే కార్మిక నగరంలో కలిసి బ్రతకడం మొదలుపెట్టాయి.

ఈ నగరానికి సమీపంలోని గనియారీ గ్రామంలో 1956లో తీజన్ బాయి జన్మించారు. పార్ధీ తెగకు చెందిన ఆమె మాతామహుడు బ్రిజ్‌లాల్ పార్ధీ నోట మహాభారత గాథలు విని నేర్చుకున్నారు. ఉమేద్ సింగ్ దేశ్‌ముఖ్ వద్ద శిక్షణ పొందారు. పదమూడో ఏట చంద్రఖురి గ్రామంలో 10 రూపాయల పారితోషికానికి తొలి ప్రదర్శన ఇచ్చారు. పండవానీలో రెండు శాఖలున్నాయి. కూర్చొని, సబల్ సింగ్ చౌహాన్ రచించిన పద్య మహాభారతాన్ని అనుసరించి పాడేది వేదమతి. నిలబడి, నడుస్తూ, అభినయిస్తూ, అప్పటికప్పుడు కథను అల్లుకుంటూ పాడేది కాపాలిక. ఝాడూరామ్ దేవాంగన్ వేదమతికి పేరెన్నికగన్నవారు. నాటివరకు పురుషులదిగానే ఉన్న కాపాలిక శైలిని చేపట్టిన తొలి మహిళ తీజన్ బాయి. అందుకు ఆమె కులపువారి వెలిని సైతం ఎదుర్కొనవలసివచ్చింది. నాటకకర్త హబీబ్ తన్వీర్ ఆమె ప్రతిభను గుర్తించి లోకానికి పరిచయం చేశారు. ఆమె భిలాయి ఉక్కు కర్మాగారంలో ఉద్యోగం చేశారు. 1995లో సంగీత నాటక అకాడమీ పురస్కారం, 2003లో పద్మభూషణ్, 2019లో పద్మవిభూషణ్ ఆమెను వరించాయి.

ఆమె ఖ్యాతికి మూలం బొంగురుతనం కలిసిన, గొంతు లోతునుంచి వెలువడే బరువైన కంఠం. సాధారణ సంభాషణలో పురుషుల గొంతు ప్రాథమిక పౌనఃపున్యం 85 నుంచి 155 హెర్ట్జ్ వరకు, స్త్రీల గొంతుది 165 నుంచి 255 హెర్ట్జ్ వరకు ఉంటుందని శాస్త్రజ్ఞులు స్థూలంగా లెక్కకట్టారు. మంద్ర కంఠం గల గాయని ఈ రెండింటి సరిహద్దులో సంచరిస్తుంది. స్త్రీ పాడుతున్నదంటే గొంతు సన్నగానే ఉంటుందన్న అంచనాతో ముందుగానే మీటలు తిప్పిపెట్టే ఆపరేటర్ చేతిలో ఇటువంటి కంఠం నష్టపోక తప్పదు. ఆమె గొంతులో ఏది విశిష్టమో దానినే అతడు దోషమని భావించి కోసివేస్తాడు.

మైదానంలో జరిగేది

నష్టం ఎక్కడెక్కడ జరుగుతున్నదో తెలుసుకుంటే దిద్దుబాటు సులభం. మొదటిది స్పీకర్. జాతరలలో చెట్లకు, స్తంభాలకు కట్టే బూర ఆకారపు హారన్ స్పీకర్లు దూరం వినిపించడానికి పుట్టినవి. అవి సుమారు 300 హెర్ట్జ్‌కు దిగువనున్న ధ్వనిని దాదాపుగా పలకవు. అయినా గాయకుని గొంతును పోల్చుకోగలుగుతున్నామంటే అది చెవి చేసే ఉపకారం. ప్రాథమిక పౌనఃపున్యం లోపించినా, దానిపై నిలిచిన అనుస్వరాలను బట్టి మెదడు శ్రుతిని ఊహించుకుంటుంది. శ్రుతి తెలుస్తుంది గాని బరువు తెలియదు. భీముడు మాట్లాడుతున్నాడని అర్థమవుతుంది; భీముడు ఎదుట నిలిచినట్లు అనిపించదు.

రెండవది మైకుకు, నోటికి మధ్యనున్న దూరం. 1939లో వచ్చిన ష్యూర్ యూనిడైన్, 1966లో వచ్చిన ఎస్.ఎం. 58 వంటి ఏకదిశా మైక్రోఫోనులు ముందునుంచి వచ్చే ధ్వనిని ఎక్కువగా, వెనుకనుంచి వచ్చే ధ్వనిని తక్కువగా గ్రహిస్తాయి. బహిరంగ వేదికపై కూత పుట్టకుండా ఉండడానికి ఇది మేలైన ఏర్పాటు. అయితే వీటికొక స్వభావమున్నది. నోరు మైకుకు దగ్గరయ్యేకొద్దీ పల్లపు ధ్వనులు ఉబ్బుతాయి, దూరమయ్యేకొద్దీ పలచబడతాయి. సామీప్య ప్రభావమని పిలిచే ఈ గుణం సన్నని గొంతుకు నిండుదనాన్నిస్తుంది. మంద్ర కంఠానికి మాత్రం అది ముసురు పట్టినట్లు చేసి, మాటల అంచులను మింగివేస్తుంది. కాపాలిక గాయకుడు ఒకచోట నిలవడు. తంబురాను గదగా, ధనుస్సుగా, రథంగా చూపుతూ ముందుకు వస్తాడు, వెనుకకు వెళతాడు. రెండు చేతులూ వాద్యాలతో నిండి ఉన్నందున మైకును చేతపట్టుకోలేడు. స్టాండుకు బిగించిన మైకు ముందు అతని కంఠం ఒక క్షణం గంభీరంగా, మరుక్షణం బలహీనంగా వినబడుతుంది.

మూడవది తాళవాద్యాల పొత్తు. ఢోలక్, తబలాల పల్లపు ధ్వని గాయకుని మైకులోకి కూడ చొరబడుతుంది. శబ్దం గజిబిజిగా ఉన్నదని గ్రహించిన ఆపరేటర్ గాయకుని వరుసలోని బాస్ మీటను తగ్గిస్తాడు. ఢోలక్ చేసిన నేరానికి కంఠానికి శిక్ష పడుతుంది. నాలుగవది ఎకో. భక్తిపాటకు శోభనిచ్చే ఈ ప్రతిధ్వని వేగంగా సాగే కథను చిందరవందర చేస్తుంది. మంద్ర కంఠంలో ఈ గందరగోళం ఇంకా ఎక్కువ.

సవరణ మార్గం

దీనికి ఖరీదైన యంత్రాలు అవసరం లేదు, క్రమం అవసరం. ముందుగా అన్ని మీటలను మధ్యస్థానంలో ఉంచి, గాయకుని చేత కథలోని అతి మెల్లని భాగాన్ని, అతి ఉద్ధృతమైన భాగాన్ని పాడించాలి. ఉద్ధృత భాగానికి గొంతు చిట్లకుండా గ్రహణశక్తిని నిర్ణయించాలి. గాలి హోరును, వేదిక అదురును తగ్గించడానికి మిక్సర్‌లో ఉండే లో-కట్ మీటను వాడవచ్చు. అయితే మంద్ర కంఠానికి ఆ కోత 80 హెర్ట్జ్ దాటి పైకి రాకూడదు. మాట మందగించినట్లు తోస్తే 200 నుంచి 300 హెర్ట్జ్ ప్రాంతంలో రెండు మూడు డెసిబెళ్లు తగ్గించి, హల్లుల స్పష్టత నిలిచే 2,500 నుంచి 4,000 హెర్ట్జ్ ప్రాంతంలో అంతే పరిమాణం పెంచితే చాలు. బాస్ మొత్తాన్ని లాగివేయడం వైద్యం కాదు, అంగచ్ఛేదం.

మైకును నోటికి ఎదురుగా కాక కొంచెం పక్కకు, నాలుగైదు అంగుళాల దూరంలో ఉంచితే ఉబ్బు తగ్గుతుంది. నడిచి పాడేవారికి చెంప పక్కన నిలిచే తలమైకు ఉత్తమం. దుస్తులకు తగిలించే మైకు ఛాతీ ప్రతిధ్వనిని ఎక్కువగా, హల్లులను తక్కువగా గ్రహిస్తుంది కనుక బరువైన గొంతుకు అది అంతగా నప్పదు. ఢోలక్‌ను గాయకుని మైకు వెనుకవైపుకు జరపాలి. హారన్లతో పాటు వేదిక దగ్గర పెట్టె స్పీకర్లు అమర్చితే పల్లపు స్వరాలకు చోటు దొరుకుతుంది. ఒక్కచోటనుంచి హోరెత్తించడం కంటె జనం మధ్య రెండు మూడు చోట్ల మితమైన ధ్వనినివ్వడం మేలు. గాయకునికి తన గొంతు తనకు వినబడే స్పీకర్ ఒకటి ఉండాలి. అది లేనప్పుడు అతడు అనుమానంతో గొంతు పెంచుతాడు. మంద్రాన్ని విడిచి తారస్థాయికి పోతాడు. కథ ముగిసేసరికి గొంతు అలసిపోతుంది.

ఇక్కడ చట్టాన్ని కూడ గుర్తుంచుకోవాలి. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియంత్రణ నియమావళి ప్రకారం రాత్రి 10 గంటలనుంచి ఉదయం 6 గంటలవరకు బహిరంగ ప్రదేశాలలో లౌడ్‌స్పీకర్లు వాడరాదు. సాంస్కృతిక, మతపరమైన పండుగ సందర్భాలలో అర్ధరాత్రివరకు సడలింపు ఇచ్చే అధికారం రాష్ట్ర ప్రభుత్వాలకు ఉన్నా అది ఏడాదికి 15 రోజులకు మించరాదు. తెల్లవార్లూ సాగిన కథ కొద్ది గంటలకు కుదించుకున్న ఈ కాలంలో ఉన్న సమయమైనా శ్రవణయోగ్యంగా ఉండాలి. ధ్వని తగ్గినా గొంతు నిండుగా వినబడాలంటే సవరణ ఒక్కటే మార్గం.

చరిత్రకు మిగిలేది

ప్రదర్శన ముగిసిన తరువాత మిగిలేది రికార్డింగు. 1963లో ప్రారంభమైన ఆకాశవాణి రాయపూర్ కేంద్రం, సంగీత నాటక అకాడమీ, నాగపూర్‌లోని దక్షిణ మధ్య ప్రాంత సాంస్కృతిక కేంద్రం వంటి సంస్థలు జానపద కళలను శ్రోతలకు చేరువ చేశాయి. నాగపూర్ కేంద్రం పరిధిలో ఛత్తీస్‌గఢ్, ఆంధ్రప్రదేశ్, తెలంగాణ మూడూ ఉండడం విశేషం. పండవానీకి, బుర్రకథకు, జముకుల కథకు ఎదురయ్యే ధ్వని సమస్య ఒక్కటే కాబట్టి పరిష్కారాన్ని కలిసి ఆలోచించే వేదిక కూడ సిద్ధంగానే ఉన్నది. 1956లో ఖైరాగఢ్‌లో స్థాపించిన ఇందిరా కళా సంగీత విశ్వవిద్యాలయం ఈ ప్రాంతానికి దూరమేమీ కాదు. మైకుసెట్టు నడిపే యువకులకు అటువంటి చోట్ల కొద్దిరోజుల శిక్షణ ఇవ్వడం పెద్ద ఖర్చుతో కూడిన పని కాదు.

పాలనాపరంగా చేయదగినవి మరి రెండున్నాయి. ప్రభుత్వ ఉత్సవాల ఏర్పాట్లలో ధ్వని పరికరాలను షామియానాలు, కుర్చీలతో కలిపి ఒకే పద్దు కింద చూడడం పరిపాటి. దానిని కళాకారుని అవసరంగా గుర్తించి, ప్రదర్శనకు ముందు కనీసం అరగంట ధ్వని సరిచూసుకునే సమయాన్ని కార్యక్రమ పత్రంలోనే చేర్చాలి. రెండవది మరింత ముఖ్యమైనది. మైదానానికి తగినట్లు సవరించిన ధ్వనితో పాటు, ఏ కోతా లేని కంఠధ్వనిని వేరుగా ఒక వరుసలో ముద్రించి భద్రపరచాలి. ముద్రణలో ఉన్న స్వరాన్ని ఎప్పుడైనా తగ్గించుకోవచ్చు; ముద్రణ వేళ తీసివేసిన స్వరాన్ని ఎన్నడూ తిరిగి తేలేము.

షేక్ నాజర్ (1920–1997) బుర్రకథను ఎదుట కూర్చుని విన్న తరం క్రమంగా తరిగిపోతున్నది. రాబోయే తరాలకు ఆయన గొంతు అంటే ఆ గొంతునుంచి యంత్రాలు పట్టుకోగలిగినంతే. దుర్గ్ జిల్లా గాయకుల విషయంలోను ఇంతే. వందేళ్ల తరువాత ఒక పరిశోధకుడు పండవానీ విని, ఆనాటి గాయకుల గొంతులు సన్నగా, రేకు డబ్బాలో పలికినట్లు ఉండేవని వ్రాస్తే ఆ తప్పు అతనిది కాదు. 1902లో గొట్టం ముందు నిలిచినవారికి వేరే దారి లేదు. నేడు దారి ఉన్నది. ఉతై మైదానంలో మిక్సర్ ముందు కూర్చున్న యువకుడు ఒక మీటను కాస్త ఆగి, విని, తిప్పితే భీముడి గర్జన భీముడి గర్జనగానే భవిష్యత్తుకు అందుతుంది.